వెలుగు తిరిగిరాని నలుపు

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



మీలో ఎంతమంది ఇంట్లో కాటుక పట్టారో నాకు తెలియదు. నా చిన్నతనంలో మా అమ్మ పొన్నగంటి ఆకు పసరులో తెల్లగుడ్డ తడిపి, నీడపట్టున ఆరబెట్టి, వత్తి చేసి, ఆముదం దీపం వెలిగించేది. పైన ఇత్తడి పళ్ళెం బోర్లించేది. తెల్లారేసరికి పళ్ళెం అడుగున మసి దట్టంగా పట్టి ఉండేది.

మేముండేది యూసుఫ్‌గూడలో. ఒకపక్క సారథి స్టూడియో, ఇంకోపక్క అన్నపూర్ణ స్టూడియో, మధ్యలో కృష్ణానగర్. తెల్లవారుజామునే షూటింగులకు వెళ్ళేవాళ్ళతో మా వీధులు నిండిపోతాయి. మా పక్కవాటాలో ఉండే ఆయన సినిమాల్లో లైట్‌మాన్. కిందటి మాఘమాసంలో ఆయన భార్య, మనవరాలి బారసాలకని, మా అమ్మ పట్టినట్టే కాటుక పట్టింది. కంట్లో పెట్టవద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పిందట. అందుకని దిష్టిచుక్క వరకే.

ఆవిడ పళ్ళెం తిప్పి చూపించింది. ఆ మసి వంక చూస్తే అక్కడ పళ్ళెం ఉన్నట్టే లేదు. చిన్న గొయ్యి ఉన్నట్టు ఉంది. "ముట్టుకోకండి వదినగారూ, వేలు తగిలిందంటే పాడవుతుంది" అంది. తరువాత అందులో చుక్క నెయ్యి వేసి రంగరించి భరిణెలో పెట్టింది. భరిణెలో అదే మసి నిగనిగలాడింది. నల్లగానే ఉంది గాని, పళ్ళెం మీద చూసిన నలుపు మాత్రం కాదు.

ఏమిటీ తేడా? ఇది తెలిస్తే, ఈనాడు ప్రపంచంలో పెద్ద పెద్ద శాస్త్రజ్ఞులు తయారుచేస్తున్న అతి నల్లని పూతల సంగతి సగం తెలిసినట్టే. ఆ సంగతే ఇవాళ నాలుగు మాటలు చెబుతాను.

ఒక వస్తువు మనకు కనబడాలంటే దాని మీద పడిన వెలుగు తిరిగి మన కంటికి రావాలి. అంతా తిరిగి వస్తే తెలుపు. ఏమీ రాకపోతే నలుపు. అయితే మామూలు నల్లరంగు మీద పడిన వెలుగులో కూడా నూటికి అయిదు వంతుల దాకా వెనక్కి వస్తుంది. అందుకే నల్లరంగు వేసిన తలుపు మీద గీతలూ, సొట్టలూ కనబడతాయి.

మీ పెట్టెలో నల్ల శాటిన్ జాకెట్టు ఒకటి, నల్ల వెల్వెట్ జాకెట్టు ఒకటి ఉంటే పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ ఒకే రంగులో ముంచినా వెల్వెట్టే నల్లగా ఉంటుంది. శాటిన్ నున్నగా ఉంటుంది కాబట్టి వెలుగు తగిలి జారిపోతుంది. వెల్వెట్టుకు నూగు ఉంటుంది. వెలుగు ఆ నూగులోకి దూరి, ఒక పోగుకు తగిలి, అక్కడినుంచి ఇంకో పోగుకు తగిలి, తగిలినచోటల్లా కొంత కొంత పోగొట్టుకుని చివరికి బయటికి రాలేకపోతుంది. పళ్ళెం మీది పొడి మసి కూడా అంతే. అందులో కంటికి కనబడని సందులు లక్షలు. నెయ్యి వేసి రంగరించేసరికి ఆ సందులన్నీ పూడి, పైభాగం నున్నబడి, మెరుపు వచ్చేస్తుంది. అంచేత నలుపు అనేది రంగులోనే లేదు, అల్లికలో కూడా ఉందన్నమాట.

శాస్త్రజ్ఞులు చేసిందల్లా ఈ అల్లికను అతి సూక్ష్మంగా అల్లడమే. మసిలో ఉండేది కార్బను. ఆ కార్బనుతోనే సన్నని గొట్టాలను, నారుమడిలో నారు పెంచినట్టు, నిలువుగా పెంచుతారు. ఒక రేకు మీద తగిన లోహపు పొడి పల్చగా పరచి, 400 డిగ్రీలు దాటిన వేడిలో కార్బను ఉన్న వాయువును పంపితే గొట్టాలు మొలుస్తాయి. ఒక్కొక్క గొట్టం మన తలవెంట్రుకకంటే కొన్నివేల రెట్లు సన్నం. ఒక్క చదరపు సెంటీమీటరులో సుమారు వంద కోట్లు ఉంటాయట! ఆ అడవిలోకి వెళ్ళిన వెలుగు ఇక తిరిగి రాదు.

ఇంగ్లండులో సర్రే నానోసిస్టమ్స్ అనే సంస్థ 2014లో ఇటువంటి పూతను వాంటాబ్లాక్ అనే పేరుతో ప్రకటించింది. దాని మీద లక్ష వంతుల వెలుగు పడితే తిరిగి వచ్చేది 35 వంతులే. నలిగిన రేకు మీద ఈ పూత పెంచితే ముడతలు కనబడవు. బల్లపరుపుగా ఉన్నట్టు, కాదు కాదు, అక్కడ ఏమీ లేనట్టు ఉంటుంది.

2019లో అమెరికాలో ఎమ్.ఐ.టి. శాస్త్రజ్ఞులు దీన్ని కూడా మించిపోయారు. వాళ్ళు నలుపు కోసం వెతకనేలేదు. అల్యూమినియం రేకు మీద కార్బను గొట్టాలు పెంచి విద్యుత్తు, వేడి బాగా ప్రవహించేలా చేద్దామనుకున్నారు. రేకు మీది తుప్పుపొరను వదిలించడానికి ఏం వాడారనుకున్నారు? మన వంటింటి ఉప్పునీళ్ళే! తీరా గొట్టాలు మొలిచాక చూస్తే, లక్షకు అయిదు వంతుల వెలుగు మాత్రమే తిరిగి వస్తోంది. ఒక చిత్రకారిణి వారితో కలిసి, 20 లక్షల డాలర్ల విలువ చేసే పసుపుపచ్చ వజ్రానికి ఆ పూత పూయించి ప్రదర్శనకు పెట్టింది. గోలకొండ వజ్రాల ఊళ్ళో ఉన్నవాళ్ళం కదా, మనకు గుండె కలుక్కుమంటుంది. వజ్రానికి విలువంతా వెలుగును వెనక్కి విసరడంలోనే ఉంది. ఆ విసరడం ఆగిపోగానే 16 కారట్ల పైచిలుకు వజ్రం నల్లచుక్క అయి కూర్చుంది.

ఇంతా చేసి ఇది ప్రకృతికి తెలియని విద్య కాదు. న్యూగినీ అడవుల్లో పారడైజు పక్షులని ఉన్నాయి. మగపక్షి నల్లటి ఈకల నిర్మాణం వెలుగును దాదాపు పూర్తిగా మింగేస్తుందని 2018లో తేల్చారు. ఆ నలుపు పక్కన దాని నీలమూ, పచ్చా ధగధగలాడతాయి. ఎర్రంచుకు నల్లచీర ఎందుకు ఒప్పుతుందో మనకు చెప్పనక్కరలేదు కదా!

ఇంతకూ ఇంత నలుపు ఎందుకు? మొదటి ఉపయోగం, దారితప్పిన వెలుగును పట్టుకోవడం. కెమెరా లోపల ఎప్పుడూ నలుపే ఉంటుంది, గమనించారా? పక్కల తగిలిన వెలుగు లోపల ఎగిరెగిరి పడితే బొమ్మ వెలిసిపోతుంది. ఆకాశాన్ని చూసే దుర్భిణులకు ఈ బాధ మరీ ఎక్కువ. 1980 ఫిబ్రవరి 16న మన రాష్ట్రంలో సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది, పెద్దవాళ్ళకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. ఉస్మానియా విశ్వవిద్యాలయంవారి రంగాపూర్ వేధశాల దగ్గర శాస్త్రజ్ఞులు సూర్యుని చుట్టూ ఉండే కరోనాను పరిశీలించారు. కరోనా సూర్యబింబంకంటే సుమారు పది లక్షల రెట్లు మసక. గ్రహణం లేని రోజున దాన్ని చూడాలంటే బింబాన్ని యంత్రంలోనే కప్పేసి, పిసరంత వెలుగు కూడా చెదరకుండా చూడాలి. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి వెళ్ళిన ఆదిత్య-ఎల్1లో ఉన్న ఒక పరికరం చేసే పని ఇదే. ఇలాంటి చోట లక్షకు 35 వంతులా, అయిదు వంతులా అనేది చిన్న తేడా కాదు.

మా లైట్‌మాన్‌గారికి ఈ సంగతి చెబితే నవ్వారు. "వెలుగు వెయ్యడం ఎవరైనా నేర్చుకుంటారమ్మా, ఆపడమే పని" అన్నారు. సెట్టు మీద అక్కరలేని వెలుగును ఆపడానికి వాళ్ళు నల్లగుడ్డలు బిగించిన చట్రాలు వాడతారు. పాతకాలపు సినిమా మాయల్లో కూడా నల్ల వెల్వెట్టు తెర పనికొచ్చేది. దాని ముందు ఒక బొమ్మ తీస్తే, నలుపు ఉన్నచోట ఫిల్ముకు వెలుగు తగలదు. ఆ ఫిల్మునే వెనక్కి తిప్పి, ఖాళీ ఉన్నచోట ఇంకో బొమ్మ తీసేవారు. ఇప్పుడు ఆ పని పచ్చతెర, కంప్యూటరు కలిసి చేస్తున్నాయి.

ఇక రెండో సంగతి. మింగిన వెలుగు ఏమవుతుంది? మాయమవదు. వేడిగా మారుతుంది. ఈ ఒక్కమాట మనం గట్టిగా పట్టుకోవాలి.

మా లైట్‌మాన్‌గారి డాబా వానలకు కారుతోందని, నిరుడు నల్లటి తారు పూయించారు. కారడం ఆగింది. సంతోషించారు. చైత్రం వచ్చేసరికి కింద గది పెనం అయిపోయింది. బాలింత కూతురు, ఆ బారసాల జరిగిన పసిపాప ఆ గదిలోనే. పాప ఒళ్ళంతా పేలి, పాలు తాగడం మానేసింది. రెండు రోజులు ఆసుపత్రిలో ఉంచవలసి వచ్చింది. ఫాను తిరుగుతూనే ఉంది, కాని పైకప్పు మింగిన ఎండ రాత్రంతా కిందికి దిగుతుంటే ఫాను ఏం చేస్తుంది? డాక్టరు దగ్గరనుంచి వచ్చిన మర్నాడే ఆయన మేస్త్రీని పిలిచి డాబా అంతా తెల్లపూత వేయించారు. గది చల్లబడింది. పాప నిద్రపోయింది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల కోసం ప్రత్యేకంగా ఒక విధానమే ప్రకటించింది; దానిలోని కీలకం ఇదే.

అయితే అదే వేడి మనకు కావలసినచోట నలుపు లక్ష్మీదేవి. సోలార్ కుక్కరులో గిన్నెలకు నల్లరంగు వేసేది, మిద్దె మీది సోలార్ హీటరు గొట్టాల లోపల నల్లపూత ఉండేది ఇందుకే. మన హైదరాబాదు బాలాపూర్ వైపు ఏ.ఆర్.సి.ఐ. అనే జాతీయ పరిశోధనా కేంద్రం ఉంది. సూర్యరశ్మితో ఆవిరి, వేడినీళ్ళు తయారుచేసే గొట్టాలకు అక్కడ ప్రత్యేకమైన పూతలు రూపొందించారు. వచ్చిన ఎండలో నూటికి 90 వంతులకు పైగా మింగాలి. మింగిన వేడిని మాత్రం బయటికి పోనివ్వకూడదు. మామూలు నలుపు మింగినట్టే కక్కుతుంది కూడా. ఆ కక్కకుండా చేయడమే అక్కడి నేర్పు.

పోతే, అతి నలుపుకు ఇబ్బందులూ ఉన్నాయి. కార్బను గొట్టాల పూతకు వేలు తగిలితే పోయినట్టే. పళ్ళెం మీది మసికి మల్లేనే. ఖరీదూ ఎక్కువే. కంటిని మోసం కూడా చేస్తుంది. 2018లో పోర్చుగల్‌లో ఒక ప్రదర్శనశాలలో అనీష్ కపూర్ అనే శిల్పి నేలలో తవ్వించి, లోపల గాఢమైన నలుపు పూయించిన సుమారు ఎనిమిదడుగుల లోతు గొయ్యిలో ఒకాయన పడిపోయాడు! ఆ శిల్పే 2016లో వాంటాబ్లాక్‌ను కళాకృతుల్లో వాడే హక్కు తనొక్కరికే దక్కించుకున్నారు. తక్కిన కళాకారులకు కోపం వచ్చింది. ఒక ఆంగ్ల చిత్రకారుడు పంతం పట్టి, అందరూ కొనుక్కోగలిగిన గాఢమైన నల్లరంగులు తయారుచేశాడు. నలుపును ఒకరి పెట్టెలో పెట్టి తాళం వెయ్యడం ఎవరి తరం చెప్పండి? మా పక్కింటావిడ ఆ రోజు పట్టిన కాటుక మా వీధిలో నాలుగిళ్ళకు వెళ్ళింది.

కనుక సోదరీమణులారా, ఈసారి వేసవి రాకముందే ఒకసారి మీ డాబా ఎక్కి చూడండి. అక్కడ నల్లగా ఏమేం ఉన్నాయో లెక్కపెట్టండి. హీటరు నల్లగా ఉందంటే మంచిదే. నీళ్ళ ట్యాంకు నల్లగా ఉంటే లోపలికి వెలుగు పోక పాచి పట్టదు, కాని మధ్యాహ్నం కుళాయి తిప్పితే చెయ్యి కాలుతుంది. దానికి కాస్త నీడ కట్టించండి. పైకప్పే నల్లగా ఉంటే మాత్రం ఆలస్యం చెయ్యకండి. దాని కింద పడుకునేది మన పిల్లలే.