ఒంగోలు సీమ రైతు – అతని గొడ్లచావిడి

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



గ్రంథాలయ రజతోత్సవమున గ్రంథములను గూర్చి ముచ్చటించుట పరిపాటి. నేటి ప్రసంగ విషయము మాత్రము గ్రంథములలోనికి చాల కొద్దిగా ఎక్కిన యొక విద్య. అది ఒంగోలు సీమ రైతు విద్య. ఆతడు సేద్యగాడు, పశుపోషకుడును. అన్యదేశములలో ఈ రెండును వేరువేరు మనుష్యుల వృత్తులు కావచ్చును. గుండ్లకమ్మ తీరము నుండి దక్షిణముగా నెల్లూరు సీమ పల్లెల వరకు అవి ఒకే కుటుంబమునకు రెండు చేతులుగా నుండెను. ఈ గ్రామమును ఆ సీమలోనిదే గనుక, ఈ కథ ఈ సభకు పరాయిది కాదు.

రెండు వృత్తులు కలియుటకు కారణము నేలలోనే కలదు. ఇక్కడి నల్లరేగడి వాన పడినచో బంక. ఎండ కాసినచో రాయి. దానిలో గుంటక తోలుటకును, గొర్రు నడపుటకును బరువు లాగగల ఎద్దు కావలెను. జొన్నచేను ఇంటికి గింజను, గొడ్డుకు చొప్పను ఇచ్చెను. గొడ్డు చేనికి ఎరువును, అరకకు ఎద్దును, బిడ్డలకు పాలును ఇచ్చెను. బండిచక్రమునకు ఆకులవలె ఇవి ఒకదాని నొకటి పట్టి నిలిచినవి. ఏ ఒక్కటి విరిగినను బండి సాగదు.

ఆ ఇంట తెల్లవారుట ముందుగా గొడ్లచావిడిలోనే జరుగుచుండెను. కోడి కూయకముందే ఇంటి యజమాని లేచి, దీపము పుచ్చుకొని గాడి వెంట నడచెడివాడు. రాత్రి వేసిన మేత ఏ గొడ్డు ముందు మిగిలినది? ఏది నెమరు వేయుట లేదు? ఏ చూలుటావు పడుకొని లేచి సతమతమగుచున్నది? ఈ ప్రశ్నలకు జవాబు దొరకినగాని ఆతడు ముఖము కడుగుకొనెడివాడు కాడు. గృహిణి కసవూడ్చి, పేడ యెత్తి, కుడితి కలిపి, పాలకు కూర్చుండెడిది. దూడ వాటా ముట్టరాదనునది ఆమె నియమము. మేలైన కోడెదూడ పుట్టినయెడల, ఇంటివారు మజ్జిగతో సరిపెట్టుకొని పాలన్నియు దానికే విడిచిన ఇండ్లు కలవు. పాలు అమ్మినచో ఆ పూటకు నాలుగు డబ్బులు వచ్చును; దూడకు విడిచినచో కొన్ని యేండ్లకు కాడి మోయు గిత్త వచ్చును. ఆ ఇంటి రాబోవు అరక ఎట్టిదో ఆ తెల్లవారుజాము పంపకములోనే తేలుచుండెను.

కష్టకాలము ఆ కుటుంబమునకు క్రొత్త కాదు. వాన తప్పిన యేట చొప్పవామి తరిగినకొలది ఇంటిలో మాటలు తరుగును. ఏ గొడ్డును అమ్మవలెను? దుక్కిటెద్దును అమ్మినచో తొలకరికి అరక లేదు. ముసలి ఆవును కొనువారు లేరు. సంతకు వచ్చిన బేరగాడు అడుగునది చావిడిలోని మేలైన ఆవునే. తెలిసిన రైతు ఎద్దునైనను అమ్మి, పొరుగువాని ఒంటి ఎద్దుతో జత కూర్చుకొని దున్నెను గాని, ఆ ఆవును మాత్రము విడువలేదు. విత్తనపు గింజ వండుకొనరాదన్నది చేనికెంత ధర్మమో చావిడికిని అంత ధర్మము.

గొడ్డును చూచు విద్యను పిల్లలు పలక పట్టకముందే నేర్చుచుండిరి. తెల్లని మేను, గిత్తకు మెడమీదను మూపురముమీదను బూడిదచాయ, పొట్టి కొమ్ములు, కంటిచుట్టు కాటుకరేఖ, మడతలు పడిన గంగడోలు - ఇవి పైకి కనబడు గుర్తులు. పళ్ళు చూచి వయస్సు చెప్పుట, సుడులు చూచి మేలుకీడు లెంచుట తరువాతి పాఠములు. వీనియన్నిటికంటె కష్టమైన పాఠము వంశము. ఫలానా ఆవునకు తల్లి యేది, అమ్మమ్మ యేది, ఏ ఆంబోతు వలన చూలు నిలిచెను, దాని సంతతి కాడిక్రింద ఎట్లు నడచెను - ఇవియన్నియు ఇంటి ముసలివారి నాలుకమీద నుండెను.

ఈ విద్య ఒక్క ఇంటితో నిలిచినది కాదు. ఇంటిపెద్ద కాలధర్మము చెందినపుడు, ఆతని పేర ఒక కోడెదూడను దైవమునకు విడుచు ఆచారము కలదు. ఒంగోలు పల్లెలలో ఆ దూడను ఎన్నుటలో గ్రామపెద్దల మాట చెల్లుచుండెను. వారి పరీక్షలో నెగ్గిన దూడకు అచ్చు వేసి విడిచిన పిమ్మట, అది ఏ ఒక్కరిదియు కాదు, అందరిది. ఎవరి చేనిలో మేసినను అదలించి తోలుటయే గాని, కొట్టుట పాపమని యెంచిరి. నేడు 'అచ్చోసిన ఆంబోతు' అనుట తిట్టు. ఒకప్పుడు అది ఊరి ఉమ్మడి పెట్టుబడి. తండ్రి పేర చేసిన పుణ్యము ఊరి మందకు మేలుగా మారెను. ఆంబోతును పోషింప స్తోమతులేని చిన్నరైతు కొట్టములోనూ మేలైన దూడ పుట్టెను.

అట్టి కొట్టముల నుండి పశువులు సముద్రములు దాటెను. 1868లో ఒక జత బ్రెజిలు దేశమున సాల్వడారు రేవులో దిగినది. 1878లో ఆ దేశపు పశుపోషకుడు లెంగ్రూబర్ జర్మనీలోని హాంబర్గు జంతుశాల నుండి మరియొక జతను తెప్పించెను. 1962 వరకు పలుమారులు ఇక్కడి పశువులు ఓడలెక్కెను. నెల్లూరు పేరే అక్కడ 'నెలోర్' అను జాతినామమైనది. ఒంగోలు సమీపపు కరవది పేరు మోసిన ఆంబోతు ఒకటి అక్కడ పెక్కు వంశములకు మూలమైనది. బ్రెజిలు దేశపు మాంసపు పశువులలో అత్యధికభాగము నేడు నెలోర్ రక్తము గలవే. 2023లో అచ్చట వయాటినా-19 అను ఆవులో మూడవవంతు వాటా వేలమున అమ్ముడుపోయెను. ఆ లెక్కన దాని పూర్తి వెల నలుబది లక్షల డాలర్లు దాటినది.

పుట్టినింట జరిగినది వేరు. ట్రాక్టరు వచ్చి వారము పనిని దినములో తీర్చెను. కొన్ని మాసములు పనిచేసి పండ్రెండు మాసములు మేయు ఎద్దును చిన్నరైతు భరింపలేకపోయెను. ఇందుకు ఆతనిని నిందించుట న్యాయము కాదు. జొన్న తగ్గగా చొప్ప తగ్గెను. పొగాకు, పిమ్మట సుబాబులు, జామాయిలు వేసిన చోట గొడ్డుకు మేత లేదు. బీళ్ళు సాగులోనికి పోయెను. పాలకు గేదె లాభమయ్యెను. చదువుకొన్న బిడ్డలు పట్టణములకు పోయిరి. తిరునాళ్ళలో బండలాగు పందెములు చూచి, ఆ ఎద్దులు ఇంకను కలవని జనులు సంతోషించుచున్నారు. గుంటూరు చెంత లాం క్షేత్రమునందును, నెల్లూరు జిల్లా చింతలదేవి క్షేత్రమునందును ఈ జాతిని కాపాడు కృషి జరుగుచున్నది. అది ప్రశంసనీయము. కాని ఈ జాతి రూపుదిద్దుకొన్నది రైతు చావిడిలో.

ఇచ్చట ఆలోచింపదగిన సంగతి ఒకటి కలదు. బ్రెజిలులో 1938 నుండి వంశావళి పుస్తకము నడచుచున్నది. దూడ తల్లి యేది, తండ్రి యేది, పుట్టిన దినమేది అని అక్కడివారు వ్రాసి యుంచిరి. ఒంగోలు రైతునకు తెలిసినది అంతకు తక్కువ కాదు. కాని ఆతడు వ్రాయలేదు. ఆతని విద్య ఆతనితోనే కాటికి పోయినది.

నేడు పశువు చెవికి పండ్రెండంకెల బిళ్ళ వేయుచున్నారు. ఆ అంకె గొడ్డును గుర్తించును. దాని అమ్మమ్మ కరవుకాలమున ఎండుచొప్ప తిని దూడను సాకినదని ఆ అంకె చెప్పదు. ఆ మాట చెప్పగల ముసలివారు పల్లెలలో ఇంకను కొందరు కలరు. ఇదే తీరమున వేటపాలెములో 1918లో నెలకొన్న సారస్వత నికేతనము పాతపత్రికలను దాచినందున, పూర్వచరిత్ర వ్రాయువారు అచ్చటికి వెదకికొని పోవుచున్నారు. పత్రికను దాచిన చేతికి రైతు జ్ఞాపకమును దాచుట బరువు కాదు.

అందుకు ధనము అక్కరలేదు. ఒక లావుపాటి చిట్టాపుస్తకము చాలును. ఆదివారమున కొకయింటికి పోయి, పెద్దలు చెప్పినది చెప్పినట్లు పిల్లలు వ్రాసికొనవచ్చును. ఆవు పేరేమి? దాని తల్లి యేది? ఏ ఆంబోతు సంతతి? ఏమి మేపిరి? ఏ రోగమునకు ఏమి చేసిరి? కరవులో దేనిని అమ్మిరి, దేనిని నిలిపిరి? అక్షరము రాని రైతునకు గ్రంథాలయముతో ఏమి పని యని అడుగువారికి ఇదియే సమాధానము. ఆతడు చెప్పును; మనుమడు వ్రాయును; గ్రంథాలయము దాచును.

ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొను నాటికి ఊరిలో ఆ తెల్లని మంద ఉండుట వానమీదను, మేతమీదను, రైతు స్తోమతుమీదను ఆధారపడును. బీరువాలో ఆ పుస్తకము ఉండుట మాత్రము ఈ సభలో కూర్చున్నవారి చేతిలోని పని. అది రాబోవు ఆదివారమే మొదలగు గాక.

స్వస్తి.