రాజు – పేద – పెన్షనరు

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా బి.కొత్తకోటలో చేసిన ప్రసంగ పాఠం)



"డి.ఏ. బకాయిల సంగతి నేను చెబుతాను, మీరు ఏదైనా సాహిత్యం మాట్లాడండి" అన్నారు మన కార్యదర్శిగారు. అందుకని ఒక పిల్లల కథ తెచ్చాను. ముసలివాళ్లకు పిల్లల కథ ఎందుకని నవ్వకండి. ఈ కథ నాకు రిటైరైన తరువాతే అర్థమైంది.

1954లో బి.ఏ.సుబ్బారావుగారు 'రాజు పేద' సినిమా తీశారు. అది మన పల్లెల డేరా టాకీసులకు చేరేసరికి చాలా ఏళ్లు పట్టింది. నేలమీద కూర్చుని చూశాను. యువరాజుగా, పేదపిల్లవాడిగా మాస్టర్ సుధాకర్ ఒక్కడే వేశాడు. ఎన్.టి.రామారావుగారు అందులో రాజు కారు, పేదపిల్లవాడి తండ్రి పోలిగాడు! మేము రామారావును తిట్టుకుంటూ ఇంటికొచ్చిన సినిమా అదొక్కటే.

దీనికి మూలం అమెరికా రచయిత మార్క్ ట్వేన్ 1881లో వెలువరించిన నవల. నండూరి రామమోహనరావుగారు దానిని తెలుగు చేశారు. లండన్‌లో ఎనిమిదవ హెన్రీ రాజు కొడుకు ఎడ్వర్డ్, మురికిసందులో బిచ్చమెత్తే టామ్ ఒకే రోజున పుట్టారు. ఇద్దరిదీ ఒకటే పోలిక. సరదాకు బట్టలు మార్చుకుంటారు. చింకిబట్టల్లో ఉన్న యువరాజును కావలివాడు బిచ్చగాడనుకుని బయటికి గెంటేస్తాడు. అక్కడినుండి లోపలివాడు యువరాజు, బయటివాడు పిచ్చివాడు. ఎడ్వర్డ్ చరిత్రలో నిజంగా ఉన్నవాడే. 1547లో తొమ్మిదేళ్ల వయసులో రాజై, 1553లో పదిహేనేళ్లకే కన్నుమూశాడు. బట్టల మార్పిడి మాత్రం ట్వేన్ కల్పన.

గద్దెనెక్కిన టామ్ మంచి తీర్పులే చెబుతాడు. మేజోళ్లు విప్పి గాలివాన తెప్పించారని ఒక తల్లిని, ఆమె తొమ్మిదేళ్ల కూతురిని శిక్షకు తెస్తారు. ఇప్పుడొక గాలివాన తెప్పిస్తే ఇద్దరినీ వదిలేస్తానంటాడు టామ్. ఆమె తెప్పించలేకపోయింది. చేతనైతే బిడ్డకోసమైనా తెప్పించదా? నేరం అబద్ధమని విడిచిపెట్టాడు. పేదరికం తెలిసినవాడు కుర్చీలో ఉంటే తీర్పు అలా ఉంటుంది.

కానీ అదే టామ్ ఊరేగింపులో పోతుండగా, కన్నతల్లి గుంపును తోసుకుని వచ్చి వాడి కాలు పట్టుకుంటుంది. నువ్వెవరో నాకు తెలియదంటాడు. భటుడు ఆమెను లాగి పారేస్తాడు. ఆ క్షణంనుండి వాడికి రాజవైభవమంతా చేదైపోయింది.

ఈ ఘట్టం చదివినప్పుడల్లా నాకు గొంతు పట్టుకుంటుంది. నాకు ఉద్యోగం వచ్చిన రెండో ఏడు. ఒక కచేరీలో గుమాస్తాను. మా ఊరి పెద్దమ్మ ఒకామె, బడికి పోయే రోజుల్లో నాకు సద్ది కట్టిచ్చిన మనిషి, కొంగున చెనక్కాయలు మూటగట్టుకుని వచ్చి "ఏం నాయినా, బాగుండావా?" అంటూ నా బల్లమీద చెయ్యి పెట్టింది. పక్కన మా పై అధికారి నిలబడి ఉన్నారు. "ఎవరమ్మా నువ్వు? పోయి వరసలో నిలబడు" అన్నాను. ఆమె మారుమాట్లాడలేదు. మూట విప్పకుండానే వెళ్లిపోయింది. నేను పోయి తప్పు ఒప్పుకునే లోపలే కాలం చేసింది.

నాలుగేళ్ల కిందట జీవన ప్రమాణపత్రం కోసం పోయాను. వేలిముద్ర పడలేదు. మూడుసార్లు వేసినా పడలేదు. "పెద్దాయనా, పక్కన నిలబడు" అన్నాడు మిషను దగ్గరి కుర్రవాడు. అతని తప్పేం లేదు, నా వేలిగీతలు అరిగిపోయాయి. ముప్పైయేళ్లకు పైగా ఎందరిచేతనో వేలిముద్రలు వేయించినవాడిని, బతికే ఉన్నానని రుజువు చేసుకోలేక నిలబడ్డాను. అంతలో మా ఆఫీసులో అటెండరుగా చేసిన మనిషి ఒకాయన లేచి "ఈయన మా సారు, కంటితో చూడు బాబూ" అన్నాడు. కంటిపాపతో పని అయింది. ఆయన తన కుర్చీ కూడా నాకే ఇచ్చాడు. సర్వీసులో ఉన్నన్నాళ్లూ ఆయనను నేను ఒక్కనాడైనా కూర్చోమనలేదు.

నవలలోనూ ఇంతే. పట్టాభిషేకం రోజున చింకిబట్టల ఎడ్వర్డ్ వచ్చి నేనే రాజునంటాడు. అయితే రాజముద్ర ఎక్కడుందో చెప్పమంటారు. అతనికి గుర్తు రాదు. అప్పుడు టామే ఆ రోజు జరిగినదంతా ఒక్కొక్కటే గుర్తు చేస్తాడు. గోడకున్న కవచంలో దాచానని ఎడ్వర్డ్‌కు జ్ఞాపకం వస్తుంది. పాపం, అది రాజముద్రని తెలియక టామ్ దానితో కాయలు పగలగొట్టుకుని తిన్నాడు! కుర్చీ వదలడానికి వాడు ఒక్క నిమిషం కూడా వెనుకాడలేదు. రాజును రాజని నిలబెట్టినవాడు పేదవాడే.

1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు పింఛను దయాధర్మం కాదు, హక్కు అని తీర్పు చెప్పింది. ఆ తీర్పువల్లనే ఈ పండుగ జరుపుకుంటున్నాం. అయితే వేలిముద్ర పడని ముసలామె, ఫారం నింపుకోలేని కుటుంబ పెన్షనరు ఆ హక్కును చేతికందుకోవాలంటే పక్కన ఒక మనిషి ఉండాలి. ప్రమాణపత్రాల రోజుల్లో మన సభ్యులు ఇద్దరిద్దరు వంతులవారీగా అక్కడ కూర్చుందామని నా మనవి. మొదటి వంతు నాకు వేయండి.

పెద్దమ్మకు నేను చెప్పలేకపోయిన మాట, అక్కడికి వచ్చే ప్రతి ముసలమ్మకూ చెబుతాను: "రామ్మా, ఇట్ల కూర్చో."