రైతునకు సహాయము – జాలరికి సహాయము
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



వేపపూవు పచ్చడి తిన్న నోటితో ఒక చేదు మాట చెప్పుట ఈ దినమున తప్పు కాదని తలచి, మన గంజాము తీరమందలి పొడంపేటను గూర్చి నాలుగు మాటలు మనవి చేయుచున్నాము.

వరి పండించు రైతునకు సర్కారు చేయు సహాయము మీరెరుగుదురు. 2024-25లో సాధారణ రకపు ధాన్యమునకు కేంద్రము క్వింటాలుకు 2,300 రూపాయలు మద్దతు ధర నిర్ణయింపగా, ఒడిశా ప్రభుత్వము మరి 800 చేర్చి 3,100 చేసినది. ఇదిగాక 2019లో వచ్చిన పి.ఎం. కిసాన్ క్రింద ఏటికి 6,000, 2024లో ఆరంభమైన సి.ఎం. కిసాన్ క్రింద 4,000. రైతు చల్లగా ఉన్ననే మన కంచములో అన్నము. మాకు అసూయ లేదు. అయితే ఈ సహాయములో అధికభాగము భూమిని పట్టుకొని నడచునది.

పొడంపేట వారి పొలము సముద్రము. ఋషికుల్యా నది సముద్రమున కలియుచోట తరతరములుగా వలవేసి బ్రదుకు మన తెలుగు జాలరులను ఒడియావారు నోళియాలందురు. సముద్రపు కోత వారి ఇండ్లను మ్రింగినది. 2013 అక్టోబరు 12న గోపాలపురము వద్ద తీరము దాటిన ఫైలిన్ తుఫాను మిగిలినదానిని చెరచినది. కుటుంబములు కొత్త కాలనీకి తరలినవి.

1994లో ఆ నదీముఖమున ఆలివ్ రిడ్లే తాబేళ్లు వేలకొలది గ్రుడ్లు పెట్టుట లోకమునకు వెల్లడియైనది. వాటి రక్షణకై అచ్చట ఏటేట నవంబరు 1 మొదలు మే 31 వరకు, తీరమునుండి 20 కిలోమీటర్ల లోపల, మరపడవల వేటకు నిషేధము. నష్టపడు కుటుంబమునకు మొదట 7,500, తరువాత 15,000 రూపాయలు సహాయముగా నిర్ణయించిరి.

కచేరీలో లెక్కలు వ్రాయు వారము గనుక ఇదియు లెక్క వేసితిమి. ఏడు నెలలకు 212 దినములు. దినమునకు 71 రూపాయలైనను నిండదు. అదియు ఒక్కనికి కాదు, కుటుంబమంతటికి!

తేడా గమనింపుడు. రైతునకు పండించినందుకు ఇచ్చుచున్నారు. జాలరికి పట్టకున్నందుకు ఇచ్చుచున్నారు. కేంద్రము మద్దతు ధర ప్రకటించు 22 పంటలలో చేప లేదు. ఒడ్డున వ్యాపారి చెప్పినదే ధర.

తాబేటిపై మనకు పగ లేదు. శ్రీకూర్మమున దేవుడని మ్రొక్కువారము మనము. పిల్లలు గ్రుడ్డునుండి వెడలు రాత్రులలో ఆ పల్లెల కుర్రవాండ్రే కాపు కాచి వాటిని సముద్రమునకు చేర్చుచున్నారు. లోకమందరి మేలుకొరకు చేయు త్యాగమునకు లోకమందరు తగిన వెల చెల్లింపవలెనని మాత్రమే మన కోరిక.

దొరకు కొద్దిపాటి సహాయమైనను చేతికందుట కష్టము. మేమెరిగిన ఒక కుటుంబమునకు ఆధార్ కార్డులో ఒక తీరున, బ్యాంకు పుస్తకములో మరొక తీరున పేరు పడినందున సొమ్ము నిలిచిపోయినది. ఇంటిలో తెలుగు, దరఖాస్తు ఒడియాలో. చదివి చెప్పువారు లేరు.

కావున మన సంఘమునకు మా విన్నపమిది. మనలో ఒడియా చదువను వ్రాయను వచ్చినవారు నవంబరునకు ముందే రెండు ఆదివారములు పొడంపేటకు పోయి దరఖాస్తులు నింపి, పేర్లు సరిచూచి రావలెను. ఖర్చు బస్సు టిక్కెట్టు మాత్రమే. మొదటి పేరు మాది వ్రాసికొనుడు.