రేయి మ్రోగవలసిన గంట

1895వ సంవత్సరమున కలకత్తాలో జగదీశచంద్ర బోసు మహాశయుడు అదృశ్య తరంగములను గోడల గుండ పంపి, ఆవలి గదిలో గంట మ్రోగించి చూపినాడు. నేడు ముత్తుకూరు ప్రాంతమున రొయ్యల రైతు ఇంట మ్రోగవలసిన గంటయు అట్టిదే. నడిరేయి గుంటలో ఏరేటర్లు ఆగినచో నీటిలోని ప్రాణవాయువు తగ్గిపోవును. తెల్లవారులోగా పంటంతయు పోవచ్చును. నిద్రించు యజమానిని లేపు భారము వైఫైది.

కావున రౌటరును ఇనుప బీరువా చాటున ఉంచరాదు. ఇనుము తరంగములను త్రిప్పికొట్టును. తడిగోడ వానిని మ్రింగును. ఇంటి నడుమ, కొంత ఎత్తున ఉంచవలెను. 5 గిగాహెర్ట్జుల తరంగము ఎక్కువ సమాచారమును మోయును గాని గోడలు దాటుటలో బలహీనము. 2.4 గిగాహెర్ట్జులది మరికొంత దూరము పోవును. చిన్న పరికరములకు అదియే చాలును. ఇరుగుపొరుగు రౌటర్ల ఒత్తిడి ఉన్నచో 1, 6, 11 చానళ్లలో రద్దీ తక్కువగల దానిని ఎన్నుకొనవలెను. గుంట దూరమైనచో ఇంటి వైఫై అచటికి చేరదు. గట్టున సిమ్ము గల పరికరము నుంచవలెను.

ముఖ్యమైన మాట ఒకటి. కరెంటు పోయినప్పుడు ఏరేటర్లు ఆగును. అదే క్షణమున రౌటరు కూడ ఆరిపోయినచో గంట మూగవోవును. కావున రౌటరునకు, ఫైబరు పెట్టెకు బ్యాటరీ అమర్చవలెను. గుంటనుండి వార్త వచ్చుట నిలిచినను ఫోను మ్రోగునట్లు ఏర్పాటు చేసికొనవలెను.

వారమున కొకసారి, పగటిపూట, ఇంటి మెయిను స్విచ్చిని, గుంటవద్ద స్టార్టరును ఒక్క నిమిషము ఆపి, గంట మ్రోగునో లేదో చూచుకొనుడు.