జాబితాలో లేని ఇల్లు
(సమాఖ్య మహాజన సభలో ఆపదమిత్ర సభ్యుల తరఫున చేసిన ప్రసంగం)



తుఫానులో మేం చేసిన సేవ గురించి చెప్పమన్నారు. చేసింది చెబుతాం, చేయలేకపోయిందీ చెబుతాం.

ఆపదమిత్ర అనేది జాతీయ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ 2016లో మొదలుపెట్టిన పథకం. మొదట 30 జిల్లాల్లో పెట్టి, తర్వాత 350 జిల్లాలకు పెంచారు. ఊళ్ళో ఉండేవాళ్ళకే 12 రోజుల శిక్షణ ఇచ్చారు. ఎన్డీఆర్ఎఫ్ బోటు వచ్చేలోపు చేయందించేది పక్కింటివాళ్ళే కదా. ఇది ఉద్యోగం కాదు, జీతం లేదు. మన సమాఖ్య నుంచి ఆరుగురం వెళ్ళాం. గుండె ఆగిన మనిషికి 30 సార్లు ఛాతీ నొక్కి 2 సార్లు ఊపిరి ఊదడం, దుప్పటీ రెండు కర్రలతో స్ట్రెచర్ కట్టడం, ఖాళీ డబ్బాలతో తెప్ప కట్టడం నేర్చుకున్నాం. మొదటిరోజు చీర మీద లైఫ్ జాకెట్ వేసుకోవాలంటే సిగ్గుపడ్డాం. మూడో రోజుకి అందరం చుడీదార్లలో వచ్చాం.

2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను వస్తుందన్నప్పుడు మమ్మల్ని మండల ఆఫీసు కంట్రోల్ రూములో వేశారు. వాతావరణ శాఖ 48 గంటల ముందు ఒక హెచ్చరిక, 24 గంటల ముందు ఇంకో హెచ్చరిక ఇస్తుంది. ఆఫీసుకి అంత టైముంది. కానీ మన ఇంటిదాకా ఆ కబురు వచ్చేసరికి మిగిలేది ఒక్క సాయంత్రమే.

"లోతట్టు ప్రాంతాల ప్రజలు సురక్షిత ప్రాంతాలకు తరలివెళ్ళాలి" అని ఆటోలో మైకు పెట్టి చెప్పారు. ఎవరూ కదల్లేదు. అది తమ ఇంటి గురించే అని ఎవరికీ అనిపించలేదు. అప్పుడు మేం సంఘాల మినిట్స్ పుస్తకాలు తెప్పించాం. గర్భిణులు, బాలింతలు, ఒంటరిగా ఉన్న ముసలివాళ్ళు, నడవలేనివాళ్ళు ఎవరెవరో రాసుకుని, గడప గడపకీ వెళ్ళి పేరు పెట్టి పిలిచాం. అప్పుడు కదిలారు.

ఒక పెద్దమ్మ మాత్రం రానంది. "మేకలు పోతే ఆ అప్పు మీరు కడతారా?" అంది. ఆ అప్పు ఇచ్చింది మన సంఘమే! మేకల్ని కూడా తోలుకొచ్చి స్కూలు వరండాలో కట్టేశాం. ఒక ఉద్యోగి కసురుకున్నారు. పడ్డాం. పునరావాస కేంద్రంలో ఆడవాళ్ళు మంచినీళ్ళు తాగడం లేదని గమనించాం. మరుగుదొడ్డికి తాళం వేసి ఉంది మరి. తాళంచెవి తెప్పించి, లైటు పెట్టించాకే వాళ్ళు గుక్కెడు నీళ్ళు తాగారు.

డిసెంబరు 5 మధ్యాహ్నం తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. రాత్రి మా జాబితా మొత్తం సరిచూసుకున్నాం. ఒక్క పేరు తగ్గలేదు. గర్వంగా పడుకున్నాం.

తెల్లారి రొయ్యల చెరువుల వైపు వెళితే, ఒక మోటారు షెడ్డు గోడకి ఆనుకుని భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు కూర్చుని ఉన్నారు. వేరే ఊరి నుంచి చెరువు కాపలాకి వచ్చినవాళ్ళు. పాక ఎగిరిపోయింది. రాత్రంతా అక్కడే తడుస్తూ ఉన్నారట. ప్రాణాలు దక్కాయి, అంతే. ఆ అమ్మాయి మమ్మల్ని ఒకటే అడిగింది: "ఊరంతా బడిలోకి వెళ్ళిందటగా, మాకెందుకు చెప్పలేదక్కా?"

మాకు నోట మాట రాలేదు. ఆమెకి ఇక్కడ రేషన్ కార్డు లేదు, సంఘం లేదు. ఆఫీసు జాబితా సరిగ్గా లేదని మనం ఎన్నిసార్లు తిట్టుకున్నామో! మన జాబితాకీ అదే చిల్లు ఉంది. పొదుపు కట్టేవాళ్ళనే లెక్కపెట్టాం. గాలి పొదుపు పుస్తకం చూసి రాదు.

అందుకే ఈ సభను అడుగుతున్నాం. తుఫాన్లు ఎక్కువగా వచ్చేది ఏప్రిల్ నుంచి జూన్, అక్టోబరు నుంచి డిసెంబరు. ఏటా ఏప్రిల్, అక్టోబరు మొదటి మీటింగుల్లో ఇంటివారీ జాబితా రాయాలి. చెరువు కాపలావాళ్ళు, ఇటుక బట్టీలవాళ్ళు, బాతులు మేపేవాళ్ళు అందరూ అందులో ఉండాలి. రెండోది, తుఫాను వచ్చిన నెల కిస్తీ ఆలస్యమైతే జరిమానా వేయొద్దు. అప్పు భయంతో ఏ పెద్దమ్మా ఇల్లు పట్టుకుని కూర్చోకూడదు.

మీరు గుర్తుపెట్టుకోవలసినవి కూడా చెబుతాం. పాస్ పుస్తకాలు, ఆధార్, పిల్లల సర్టిఫికెట్లు ఒకే ప్లాస్టిక్ కవర్లో కట్టి ఉంచండి. గాలి ఒక్కసారిగా ఆగిందని బయటికి రావద్దు. అది తుఫాను కన్ను కావచ్చు, కాసేపటికి ఎదురువైపు నుంచి మళ్ళీ కొడుతుంది. జిల్లా కంట్రోల్ రూము నంబరు 1077, రాష్ట్రానిది 1070. గోడ మీద రాసుకోండి.

ఆ కుటుంబం సంక్రాంతి తర్వాత వెళ్ళిపోయింది. ఎక్కడికో మాకు తెలియదు. కొత్త జాబితా మొదటి పేజీలో మాత్రం ఆ అమ్మాయి పేరే రాసి పెట్టుకున్నాం. రెండు తీర్మానాలకూ మీరు చేతులెత్తాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాం.