కంప్యూటరుకు తెలుగు వచ్చిన దారి
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఇంజనీరింగ్ చదివే రోజుల్లో మన వరంగల్‌లో కంప్యూటర్ అంటే డాస్. నల్లని తెర, మిణుకుమనే కర్సర్, 360 కేబీ ఫ్లాపీ. డాస్‌లో ఒక్కో అక్షరానికి ఒక్క బైటు. అంటే మొత్తం 256 గుర్తులే. వాటిలో తెలుగుకు చోటు లేదు. తెలుగు కావాలంటే ఐఐటీ కాన్పూర్‌లో పురుడు పోసుకుని, సీడాక్ ద్వారా వచ్చిన జిస్ట్ కార్డును సీపీయూ డబ్బాలో బిగించాలి.

విండోస్ 3.1, విండోస్ 95 వచ్చాక కార్డు అవసరం తీరింది, ఫాంటు ఉంటే చాలు. కానీ అది పైవేషమే. ఇంగ్లీషు అక్షరాల సంఖ్యలకే తెలుగు బొమ్మలు తొడిగారు. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే 'అమ్మ' కూడా పిచ్చిగీతలే.

యూనికోడ్ 1991లోనే తెలుగు అక్షరాలకు సొంత సంఖ్యలిచ్చింది. గుణింతాలను, ఒత్తులను సరిగ్గా పేర్చి చూపే బాధ్యతను 2001లో విండోస్ ఎక్స్‌పీ తీసుకుంది, గౌతమి ఫాంటుతో. మన బమ్మెర పోతన పేరిట కూడా యూనికోడ్ ఫాంటు ఉంది. అప్పటినుంచి తెలుగు ఒక ఫాంటుకు కట్టుబానిస కాదు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, ఆ నడిమి ఏళ్ళలో డీటీపీ సెంటర్లలో కొట్టించిన కథలు, వ్యాసాలు, బడి సంచికలు ఇంకా ఆ పాత ఫాంట్లలోనే ఉన్నాయి. ఫాంటు పోతే రాత పోయినట్టే. మీ దగ్గర అలాంటి ఫైళ్ళుంటే ఫాంటుతో సహా దాచండి. యూనికోడ్‌లోకి మార్పించి, తప్పులు మీరే దిద్దండి. ఒక ప్రతి అచ్చు తీసి పెట్టండి. కాగితం చదవడానికి ఏ ఆపరేటింగ్ సిస్టమూ అక్కర్లేదు.