అరచేతిలోని భాండారము
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాంగ శ్రవణము అయినది. పిల్లల పాటలకు ఇంకా కొంచెము వ్యవధి ఉన్నది. ఈ మధ్యకాలములో నాలుగు మాటలు చెప్పుమని కార్యవర్గము వారు మమ్మల్ని ఆజ్ఞాపించారు. లోపల బొబ్బట్లు వేడివేడిగా ఉన్నవని తెలుసును గనుక సూటిగా విషయానికి వస్తాము. మన చిత్రకళను, మన సంగీతాన్ని, మన జనము నవ్వుకొనే మాటలను అంతర్జాలములో ఎట్లా వెదకి పట్టుకోవలెనో, పట్టుకొన్న పిమ్మట మనము చేయవలసినది ఏమిటో ఈనాడు మనవి చేస్తాము.

మనలో చాలమందిమి సిప్కాట్ కర్మాగారాలలో ఉద్యోగాల నిమిత్తము గుంటూరు నుంచో, కరీంనగరము నుంచో, కడప నుంచో హోసూరు చేరినవారము. పరాయి చోటికి వచ్చామనుకొని బిక్కుబిక్కుమంటూ మొదటిసారి సంతకు వెళ్లినప్పుడు, కూరలమ్మే అవ్వ "ఏమి కావాలప్పా?" అని తెలుగులోనే అడిగింది. ఆ ఆశ్చర్యము మనకు ఇప్పటికీ జ్ఞాపకమే. హోసూరు, కృష్ణగిరి, డెంకణికోట, తళి, బాగలూరు, వేపనపల్లి ప్రాంతాలలో తరతరాలుగా తెలుగు మాట్లాడే కుటుంబాలు ఉన్నవి. వారు మనవలె నిన్న మొన్న వచ్చినవారు కారు. పెద్దలు మొరసునాడు అని పిలిచే సీమలో ఇది ఒక భాగము. ఒకప్పుడు సేలం జిల్లాలోను, 1965 నుంచి ధర్మపురి జిల్లాలోను, 2004 నుంచి కృష్ణగిరి జిల్లాలోను ఉన్న ఈ నేలకు జిల్లా పేరు మారినదే గాని, ఆ ఇళ్లలో మాట మారలేదు. ఈ సంగతి ముందుగా ఎందుకు చెప్పుతున్నామంటే, మా ప్రసంగము చివరకు వచ్చి ఆ ఇళ్ల గడపలలోనే ఆగుతుంది.

ఇప్పుడు మన ఇళ్ల సంగతి చూద్దాము. రాత్రి భోజనాలైన తరువాత ఇంట్లో నలుగురుంటే నాలుగు ఫోన్లు వెలుగుతాయి. నాయన ఘంటసాల పాట వింటాడు, అమ్మ వంట చూస్తుంది, అమ్మాయి నృత్యము చూస్తుంది, అబ్బాయి ఏమి చూస్తాడో మనకు తెలియదు. తమకు కావలసినది తామే ఎన్నుకొన్నామని అందరూ అనుకొంటారు. నిజానికి ఎన్నుకొనేది యంత్రము. ఏ పాటను చివరిదాకా విన్నారో, దేనిని మధ్యలో విడిచారో అది గుర్తుంచుకొంటుంది. మీవంటి అభిరుచి గలవారు ఆ తరువాత ఏమి విన్నారో లెక్క చూసి, దానినే మీ ముందర పెడుతుంది. రోజూ వచ్చే హోటలులో సర్వరు మనలను అడగకుండానే నిన్నటి ఇడ్లీయే తెచ్చి పెట్టినట్లు! ఇడ్లీ మంచిదే, కాని వంటగదిలో ఇంకేమున్నదో మనకు ఎన్నటికీ తెలియదు.

ఆ వంటగదిలో ఏమున్నదో రెండు మూడు మచ్చులు చూపిస్తాము. 1845లో సర్ వాల్టర్ ఇలియట్ అమరావతి స్తూపము వద్ద తవ్వించి మద్రాసుకు చేర్చిన శిల్పాలలో నూరుకు పైగా 1859లో లండను చేరాయి. వాటిని చూడవలెనంటే మన తాతలకు ఓడ ప్రయాణము తప్ప వేరు మార్గము లేదు. నేడు బ్రిటిష్ మ్యూజియము వారి చిత్రాల పట్టికలో ఒక్కొక్క శిల్పాన్నీ మనము హోసూరులో కూర్చుండి పెద్దది చేసి చూడవచ్చును. 28 ఏళ్లు నిండకముందే, 1925లో కన్నుమూసిన రాజమహేంద్రవరపు చిత్రకారుడు దామెర్ల రామారావు గీసిన బొమ్మలు కొన్ని అంతర్జాలములోనే దొరుకుతాయి. చందమామ అట్టలపై వడ్డాది పాపయ్యగారి రంగులు మన బాల్యముతో పాటు పోయాయనుకొన్నాము, అవీ ఉన్నవి. కథ కావలెనంటే, కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో శ్రీకాకుళములో నెలకొల్పిన కథానిలయము ఉన్నది. అమెరికాలోని తెలుగువారు 1998లో ప్రారంభించిన ఈమాట పత్రిక పాత సంచికలతో సహా ఉన్నది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాను మనవంటి మామూలు మనుష్యులే, ఏ జీతమూ లేకుండా, రాత్రులు మేల్కొని రాస్తున్నారు.

ఇవన్నీ పెద్దల విషయాలని కుర్రవారు నిట్టూర్చనక్కరలేదు. మీరు ఒకరికొకరు పంపుకొనే మీములను కూడా మేము చూస్తూనే ఉన్నాము. బ్రహ్మానందము గారి ముఖము ఒకటి పెట్టి, కింద ఒక్క వాక్యము రాసి, పరీక్ష ఫలితాలనూ, జీతము ఆలస్యమునూ, పెళ్లిచూపులనూ గేలి చేస్తారు. రాసినదెవరో తెలియదు. చేతులు మారుతూ పోతుంది, మారినప్పుడల్లా కొంచెము మారుతుంది, నవ్వు మాత్రము మిగులుతుంది. పూర్వము చాటుపద్యము అట్లాగే తిరిగేది. కర్త పేరు పోయినా పద్యము పోలేదు. ఎందుకనగా వేటూరి ప్రభాకరశాస్త్రిగారి వంటి వారు వాటిని ఓపికగా ఏరి, చాటుపద్యమణిమంజరిగా కూర్చి పెట్టారు. ఏరేవారు లేకపోతే చాటువు గాలిలో కలిసిపోయి ఉండేది. ఈ ఒక్క మాట దయచేసి గుర్తుంచుకోండి.

గుంటూరు జిల్లాకు చెందిన మస్తానమ్మగారు నూరేళ్లు దాటిన వయస్సులో కట్టెల పొయ్యి ముందు కూర్చుండి వండితే లోకమంతా చూసినది. 2018 డిసెంబరులో ఆమె కాలము చేసినా, పుచ్చకాయలో ఆమె వండిన కోడికూరను ఈనాటికీ చూడవచ్చును. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో గంగవ్వగారు తమ ఊరి మాట తమ ఊరి యాసలోనే మాట్లాడి తెలుగు దేశమంతటికీ అవ్వ అయినారు. తూర్పు గోదావరి జిల్లా వడిశలేరు గ్రామములో పసల బేబిగారు రెహమాను స్వరపరచిన సినిమా పాట ఒకటి పాడగా, ఎవరో దానిని ఫోనులో పట్టారు. 2018లో అది చేతులు మారి మారి చివరకు రెహమాను వద్దకే చేరినది. ఆయనే దానిని పదిమందికి పంచారు. 12 మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్యగారికి 2022లో పద్మశ్రీ వచ్చినది. వీరందరికీ కళ ముందునుంచీ ఉన్నది. కొత్తగా కలిసినది ఒక్కటే: ఎవరో ఒకరు ఎదుట కూర్చుండి, విని, పట్టి ఉంచారు.

ఇక మన హోసూరు, కృష్ణగిరుల వంతు. ఈ జిల్లా పేరు వేసి వెదికితే మొదట మామిడి, గులాబీ, కర్మాగారాలు వస్తాయి. ఇంకొంచెము లోతుకు దిగితే మయిలాడుంపారై కనిపిస్తుంది. అక్కడి తవ్వకములలో దొరికిన ఇనుము క్రీస్తుకు పూర్వము 2172 నాటిదని 2022లో తమిళనాడు ప్రభుత్వము ప్రకటించినది. మల్లచంద్రము కొండ మీది రాకాసి గూళ్లు, వాటి రాళ్లపై తెల్లని బొమ్మలు, ఊరూరా నిలిచిన వీరగల్లులు, కృష్ణగిరిలోని ప్రభుత్వ మ్యూజియము – ఇవన్నీ వస్తాయి. పనికి పోతూ వస్తూ ఏళ్ల తరబడి ఆ కొండల పక్కగా తిరిగిన మేము, అక్కడ ఏమున్నదో ఫోనులోనే మొదట తెలుసుకొన్నాము. సిగ్గుపడవలసిన విషయమే, అయినా తెలుసుకొన్నందుకు సంతోషము.

రాళ్లు దొరికాయి. పాటలు దొరుకుతాయా అని వెదికాము. ఇక్కడి పల్లెలలో తెలుగు ఆడవారు రాగులు విసురుతూ పాడే పాట ఒకటైనా దొరకదా అని ఒక రాత్రి చాలసేపు వెదికాము. మాకు కావలసినది దొరకలేదు. ఎందుకు దొరకలేదో మాకు బాగా తెలుసును. ఆ సంగతి చెప్పుకోకుండా ఈ ప్రసంగము ముగించడము న్యాయము కాదు.

రెండేళ్ల కిందట మా సంఘ సభ్యులము నలుగురము బాగలూరు వైపు ఒక పల్లెకు, ఒక మిత్రుని ఇంట పెళ్లికి వెళ్లాము. పక్క ఇంటి అరుగు మీద ఒక అవ్వ కూర్చుండి ఉన్నది. మాటల మీద మాటగా, తాను కోడలుగా వచ్చిన కొత్తలో విసుర్రాయి వద్ద పాడిన సీతమ్మ పాట పాడినది. అందులో సీతమ్మ అత్తవారింటికి వెళ్లే దారిలో ఈ ప్రాంతపు చెరువులు, దిన్నెలు, ఊళ్లు పేరు పేరునా వస్తాయి. ఐదారు చరణాలు పాడి ఆయాసపడి ఆగినది. "ఇంకా చానా ఉండాది నాయనా" అన్నది.

"మళ్లీ వస్తాము అవ్వా, తీరికగా కూర్చుండి అంతా వింటాము" అన్నాము.

"రండి, రండి. నేను యాడికి పోతాను!" అన్నది.

భోజనాలకు పిలుపు వచ్చినది; లేచాము. తిరుగు బస్సులో మాలో ఒకరు ఫోను తీసి ఎక్కడిదో ఒక జానపద గీతము పెట్టారు. ఎంత బాగున్నదో అనుకొంటూ హోసూరు దాకా విన్నాము. అవ్వ పాడినంతసేపూ ఆ ఫోను జేబులోనే ఉన్నదని మాలో ఒక్కరికీ తోచలేదు.

సంక్రాంతి వెళ్లిన తరువాత మళ్లీ వెళ్లాము. అరుగు ఖాళీగా ఉన్నది. అవ్వ మార్గశిరములోనే పోయినదట. ఆమె కోడలు మమ్మల్ని కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, తనకు జ్ఞాపకమున్న నాలుగు చరణాలు చెప్పినది. ఊళ్ల పేర్లు మాత్రము ఆమెకు రావు. ఆ నాలుగు చరణాలే మా వద్ద ఉన్నవి. మిగిలిన పాట ఎంత ఉండేదో ఇక ఎవరూ చెప్పలేరు.

సోదరులారా, అంతర్జాలములో సమస్తమూ ఉన్నదని మనము అలవాటుగా అంటాము. ఎవరో ఒకరు తెచ్చి పెట్టినదే అక్కడ ఉన్నది. అమరావతి శిల్పాలను లండను వారు పెట్టారు, గంగవ్వగారి మాటను ఆ ఊరి పిల్లలు పెట్టారు. బాగలూరు అవ్వ పాటను పెట్టవలసినవారము మనము, మనము పెట్టలేదు.

ఇంకొక చిక్కు కూడా ఉన్నది. మన పిల్లలలో చాలమంది తెలుగు మాట్లాడుతారు గాని చదవలేరు. తమిళనాడులో 2006 నాటి చట్టము ప్రకారము ఒకటవ తరగతి నుంచి వరుసగా తమిళము తప్పనిసరి అయినది. ఉన్న చోట భాష నేర్వవలసిందే. తమిళము మన పిల్లలకు అన్నము పెట్టే భాష, అందులో మనకు తగవు లేదు. తెలుగు అక్షరము నేర్పే భారము మాత్రము బడి మీద నుంచి ఇంటి మీదికి వచ్చినది. ఫోనుకు నోటితో చెప్పినా వెదకి పెడుతున్నది గదా, అక్షరాలెందుకని ఒక కుర్రవాడు మమ్మల్ని అడిగాడు. మంచి ప్రశ్నే. నోటితో అడిగితే పాట దొరుకుతుంది. దాని కింద రాసిన పాఠము, పాడినవారి ఊరు, పక్కవాద్యము వాయించినవారి పేరు చదవవలెనంటే అక్షరము కావలెను. త్యాగరాజస్వామి పేరును ఇంగ్లీషు అక్షరాలలో ఒకరు హెచ్ చేర్చి రాస్తారు, ఒకరు చేర్చక రాస్తారు. తెలుగులో రాస్తే రూపము ఒక్కటే. పైగా రేపు మనము ఒక పాటను అక్కడ పెట్టినప్పుడు, దాని పేరు తెలుగులో రాయలేకపోతే, తెలుగులో వెదికేవారికి అది ఎట్లా దొరుకుతుంది?

కనుక మా మనవి ఇది. ఏదైనా వినేటప్పుడు యంత్రము వడ్డించినదానితో ఆగకండి. పాట నచ్చితే రాసినవారి పేరు అడగండి, ఆ పేరుతో మళ్లీ వెదకండి. వయొలిను నచ్చితే ఆ విద్వాంసుని పేరు పట్టుకొని పొండి. ఒక పేరు నుంచి ఇంకొక పేరుకు నడిచే దారిలోనే అసలు నిధులు ఉంటాయి.

ఈ సంవత్సరము ప్రతి కుటుంబమూ ఒక్క పెద్దను కూర్చోబెట్టి ఒక్క పాటనో, కథనో, సామెతల మాలనో ఫోనులో పట్టవలెను. ముందుగా వారి అనుమతి అడగండి. పదిమంది వింటారని స్పష్టముగా చెప్పండి. ఫ్యాను ఆపండి, ఫోనును దగ్గరగా పెట్టండి, మధ్యలో మీరు మాట్లాడకండి. చివర ఊరి పేరు, తేదీ, ఎవరి వద్ద నేర్చుకొన్నారో వారి నోటనే చెప్పించండి. సినిమా పాటలు, క్యాసెట్ల నుంచి తీసినవి వద్దు. మన దేశములో ధ్వనిముద్రణకు ప్రచురించిన తరువాత 60 ఏళ్లు, రచనకు కర్త మరణించిన తరువాత 60 ఏళ్లు హక్కు ఉంటుంది. ఏ ఒక్కరి సొత్తూ కాని తాతలనాటి పాటకు ఆ చిక్కు లేదు. మీరు తెచ్చిన వాటిని పాడినవారి ఇష్టము మేరకు ఇంటర్నెట్ ఆర్కైవులోనో, వికీమీడియా కామన్సులోనో పేరు, ఊరు తెలుగులో రాసి పెట్టే పనిని సంఘములోని యువకులు ఒప్పుకొన్నారు. ఒక ప్రతి సంఘము వద్ద కూడా ఉంటుంది. ఆదివారము ఉదయము తెలుగు అక్షరాల తరగతి ఉన్నది; పిల్లలను పంపండి. పెద్దలలో చదవలేనివారు మొహమాటపడనక్కరలేదు, వెనుక బెంచీలు ఖాళీగానే ఉన్నవి.

ఆ నాలుగు చరణాలను మేము ఇప్పటికే అక్కడ పెట్టాము. పాట అసంపూర్ణమని కింద తెలుగులో రాశాము. మీలో ఎవరి అవ్వకైనా, పక్క ఇంటి వారికైనా ఆ సీతమ్మ దారిలోని ఊళ్ల పేర్లు తెలిసి ఉండవచ్చును. తెలిస్తే దయచేసి ఈ పూట ఇంటికి వెళ్లేలోపల మాతో చెప్పండి. వచ్చే సంవత్సరము చెప్పుదామని మాత్రము ఊరుకోకండి.